కొలవకుండానే కొలతల పాఠం

స్కేలు మీద ఒక వస్తువును సున్నా దగ్గర మొదలయ్యేలా పెట్టి పొడవెంత అని అడిగితే దాదాపు 85 శాతం మంది సరిగ్గా చెప్పారు. అదే వస్తువును కాస్త పక్కకు జరిపి అడిగితే చెప్పగలిగినవారు 39 శాతమే. 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లలపై ‘అసర్‌’ (ప్రథమ్‌ సంస్థ వెలువరించే విద్యాస్థితి నివేదిక) కోసం 2023లో జరిపిన సర్వేలో బయటపడిన సంగతి ఇది. ఎనిమిదో తరగతి దాటినవారు, ఇంటర్‌ చదువుతున్నవారు కూడా వారిలో ఉన్నారు. స్కేలు వాడటం మాత్రం ప్రాథమిక తరగతుల పాఠం. అక్కడ జారిన కాలు ఇన్నేళ్లు ఎవరి కంటా పడలేదంటే, ఎవరూ చూడలేదనే అర్థం.

చూడకపోవడానికి కారణం లేకపోలేదు. అసర్‌ సాధారణ సర్వేల్లో చిన్నపిల్లలకు ఇచ్చే లెక్కలు అంకెలు గుర్తించడం, తీసివేత, భాగహారం వరకే. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు పట్టుబడేలా చూసేందుకు కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్‌ భారత్‌ లక్ష్యాల్లో కొలతలకూ చోటుంది. కానీ తరగతి గదికి వచ్చేసరికి ఆ శ్రద్ధంతా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల మీదే. కొలతలు, దత్తాంశం (సేకరించి పట్టికగా, బొమ్మగా చూపే సమాచారం) పాఠాలను సిలబస్‌ ముగించే హడావిడిలో బోర్డు మీదే కానిచ్చేస్తారు. ‘1 మీటరు = 100 సెంటీమీటర్లు’ అని పదిసార్లు రాయిస్తారు. మీటరు కర్ర ఎవరి చేతికీ రాదు.

వెనకబడిన పిల్లలకు పాఠాన్ని మొదటి నుంచి మళ్లీ చెప్పడం కంటే, తప్పు ఎక్కడ జరుగుతోందో పట్టుకోవడం ముఖ్యం. దానికి విరిగిన స్కేలు ముక్క ఒకటి చాలు. 3 నుంచి 9 వరకు అంకెలున్న ముక్క మీద ఆ రెండింటి మధ్య సరిగ్గా సరిపోయే పుల్ల పెట్టి పొడవు అడగాలి. 9 అన్న పిల్ల చివరి అంకెను చదువుతోంది. 7 అన్న పిల్లవాడు 3, 4, 5 అంటూ గీతల్ని లెక్కపెడుతున్నాడు. 6 అన్నవాళ్లే గీతల మధ్య ఖాళీలను చూస్తున్నారు. మొదటి ఇద్దరివీ తప్పులే అయినా ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు. మొదటి పిల్ల చేత అదే పుల్లను స్కేలు మీద నాలుగైదు చోట్ల పెట్టించాలి. పుల్ల మారకుండా చివరి అంకె మారిపోవడం తనకే కనిపించాలి. రెండోవాడికి సెంటీమీటరు పొడవున్న అట్టముక్కలు ఇచ్చి, పుల్ల పక్కన ఒకదాన్నొకటి తాకేలా పేర్పించాలి. ముక్కలు ఆరే పడతాయి, వాటి అంచులు మాత్రం ఏడు కనిపిస్తాయి.

ఆ తర్వాత పిల్లల చేతే స్కేలు చేయించాలి. రెండు రంగుల చార్టు ముక్కలు, ఒక్కొక్కటీ సెంటీమీటరు, ఒకటి విడిచి ఒకటి చొప్పున పది ముక్కలు అట్ట పట్టీ మీద అంటించాలి. సందు మిగలకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. మొదటి అంచు దగ్గర 0, ప్రతి ముక్క ముగిసిన చోట దాని అంకె రాయాలి. చాలామంది పిల్లలు అంకెను ముక్క మధ్యలో రాస్తారు. దాన్ని వెంటనే సరిదిద్దాలి. లేకపోతే 4 అంటే నాలుగో ముక్క మొదలా, చివరా అన్న గందరగోళం అలాగే మిగిలిపోతుంది. కొన్న స్కేళ్లలో మరో రెండు చిక్కులున్నాయి. చాలా ప్లాస్టిక్‌ స్కేళ్లకు సున్నా గీత అంచు దగ్గర కాక రెండు మూడు మిల్లీమీటర్లు లోపల ఉంటుంది. రెండో వైపు అంగుళాలుంటాయి. పిల్లలు ఆ వైపు చూసి 15 సెంటీమీటర్ల గీతను ఆరుగా చదివేస్తారు. మొదటి కొన్ని వారాలు అంగుళాల వైపు కాగితం అంటించి ఉంచడమే మేలు. ఇంట్లో వడ్రంగి అడుగులు, దర్జీ అంగుళాలు, పూలమ్మే ఆమె మూరలు అంటూనే ఉంటారు, వాటిని తప్పుపట్టాల్సిన పనిలేదు. టీచరు మూరకూ, రెండో తరగతి పిల్ల మూరకూ ఉన్న తేడా చూపిస్తే అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో వివరించే శ్రమ తప్పుతుంది.

మీటరు పట్టీలకు పాత పేపర్లు చాలు. (సంపాదకీయం పేజీని కత్తిరించినా మాకు అభ్యంతరం లేదు.) 3 మీటర్ల 5 సెంటీమీటర్లను 35 అనీ, 350 అనీ, 3.5 మీటర్లు అనీ రాసే పిల్లల ముందు మూడు మీటరు పట్టీలను, 5 సెంటీమీటర్ల ముక్కను వరుసగా పరచాలి. 305 ఎలా వచ్చిందో అప్పుడు కనిపిస్తుంది. కిలో 50 గ్రాములను 150 అనో, 1.5 అనో రాయడం కూడా ఇదే తప్పు.

గడియారం దగ్గర బోధనోపకరణమే కొన్నిసార్లు తప్పు నేర్పుతుంది. అట్ట గడియారంలో రెండు ముళ్లూ విడివిడిగా తిరుగుతాయి కాబట్టి పది గంటల యాభై నిమిషాలకూ చిన్నముల్లు సరిగ్గా 10 మీదే ఉండిపోతుంది. నిజం గడియారంలో అది 11కు దాదాపు ఆనుకుని ఉంటుంది, పిల్లవాడు 11.50 అంటాడు. బ్యాటరీ తీసేసిన పాత గోడ గడియారాన్ని తిరగేసి, వెనక మర తిప్పితే రెండు ముళ్లూ కలిసే కదులుతాయి. అంతకుముందు వారం రోజులు పెద్దముల్లు తీసేసి చిన్నముల్లు ఒక్కదానితోనే ‘ఏడు దాటింది’, ‘ఏడున్నర’, ‘ఎనిమిది కావస్తోంది’ అని చెప్పించాలి. ఎంతసేపు పట్టిందన్న లెక్కల్లో నిలువు తీసివేత వద్దు. 9.40 నుంచి 11.15 వరకు ఎంతసేపు అంటే 1115లోంచి 940 తీసి 175 అనేవారు ప్రతి తరగతిలో ఉంటారు. గీత గీసి గెంతించాలి: పదింటికి 20 నిమిషాలు, పదకొండింటికి గంట, ఆపై 15 నిమిషాలు. మొత్తం గంటా 35 నిమిషాలు.

బరువులకు బడిలోనే ప్రయోగశాల ఉంది. అది వంటగది. ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని మధ్యాహ్న భోజన పథకమైన పీఎం పోషణ్‌ నిబంధన చెబుతోంది. హాజరు 42 అయితే బియ్యం 4 కిలోల 200 గ్రాములు, పప్పు 840 గ్రాములు, కూరగాయలు 2 కిలోల 100 గ్రాములు, నూనె 210 గ్రాములు. ఈ లెక్క ఉదయం హాజరు కాగానే నాలుగు, ఐదు తరగతుల పిల్లలు చేయాలి. పొయ్యి వెలిగించకముందే కాటా దగ్గర సరిచూసుకోవాలి. 4 కిలోల 20 గ్రాములని రాసినవాడి తప్పు కాటా దగ్గరే తేలిపోతుంది. ఇంకా చిన్నవాళ్లకు ఒక చేతిలో పెద్ద మరమరాల సంచి, మరో చేతిలో కిలో ఉప్పు ప్యాకెట్‌ పెడితే చాలు, పెద్దదల్లా బరువైనది కాదని తెలుస్తుంది. అయితే ముందు అంచనా చెప్పించాలి, ఆ తర్వాతే తూచాలి. అంచనా లేని కొలతలో పిల్లవాడికి ఆసక్తి ఉండదు.

దత్తాంశానికీ ఆ హాజరు పట్టికే ముడిసరుకు. వారం రోజుల హాజరును గణన చిహ్నాల్లో వేయించాలి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. ఐదో గీతను కూడా నిలువుగానే గీసి, ఆపైన అడ్డగీత వేసి ఆరుగురిని ఐదుగా లెక్కించే పిల్లలుంటారు. తర్వాత ఒకే సైజు అగ్గిపెట్టెలను రోజుకో వరుసగా, ఒకే గీత నుంచి పైకి పేర్చాలి. దాన్నే గళ్ల కాగితం మీదికి ఒక్కొక్కరికి ఒక గడి చొప్పున దించాలి. ఒక గడి ఐదుగురికి సమానమన్నది ఆఖరి మెట్టు. బొమ్మలతో సంఖ్యలు చూపే పటచిత్రాల్లో మూడు పుచ్చకాయలు ఐదు ద్రాక్షపండ్ల కంటే ఎక్కువగా కనిపించడం బొమ్మల సైజు వల్ల వచ్చే ఇబ్బంది, ప్రతి బొమ్మా ఒకే సైజు గడిలో పట్టాలి. వెనకబడిన పిల్లలు ‘ఏ రోజు ఎక్కువ?’ అన్న ప్రశ్న దాటగలరు. ‘సోమవారం కంటే మంగళవారం ఎంతమంది ఎక్కువ?’ దగ్గర ఆగిపోయి, తేడాకు బదులు మంగళవారం సంఖ్యే చెబుతారు. రెండు వరుసల పెట్టెలనూ పక్కపక్కన పెట్టి, జోడీ ఉన్నవి తీయించి, మిగిలినవి లెక్కపెట్టించాలి. తీసివేత గుర్తు ఆ తర్వాతే.

ఇంగ్లిష్‌ మీడియంలో చదివే పిల్లలకు చుట్టుకొలత, వైశాల్యం అన్న తేడా తెలుగులోనే ముందు తెలియాలి. 12 సెంటీమీటర్ల దారం ముడివేసి 5–1, 4–2, 3–3 భుజాలతో దీర్ఘచతురస్రాలు చేయిస్తే చుట్టుకొలత మారదు, లోపల పట్టే గడులు 5, 8, 9 అవుతాయి. పెరిమీటర్‌, ఏరియా అన్న పేర్లు ఆ మర్నాడు చెప్పినా నష్టం లేదు.

వీటికి రోజుకు పావుగంట కావాలి, ఏడాదికి రెండు వారాలు కాదు. ఐదు తరగతులను ఒక్కరే నడిపే ఏకోపాధ్యాయ బడుల్లో అది తేలిక కాదని తెలుసు. అందుకే వంటగది లెక్క, హాజరు పట్టిక వంటి ఎలాగూ జరిగే పనుల్లోకే కొలతలను చేర్చమంటున్నాం. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు చేయాల్సిన పనులు ఖరీదైనవేమీ కావు. ప్రతి ప్రాథమిక బడికి ఒక త్రాసు, తూకపురాళ్లు, 200 మిల్లీలీటర్లు, అర లీటరు, లీటరు కొలపాత్రలు, వెనక మర తిరిగే గడియారం ఇవ్వాలి. ఇచ్చినవి బీరువాలో తాళం వేసి ఉంచకుండా చూసే బాధ్యత తనిఖీకి వెళ్లే మండల విద్యాధికారిది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్‌ సమావేశాల్లో రిజిస్టర్ల మీద గడిచే సమయంలో అరగంట ఈ తప్పుల మీద చర్చకు మిగల్చాలి. ఐదో తరగతి లెక్కల పరీక్షలో కనీసం ఐదు మార్కులు కాగితం మీద కాక, సున్నా విరిగిపోయిన స్కేలు ముక్కను చేతికిచ్చి వేయాలి.