యంత్రం పట్టింది, పలక పట్టలేదు

లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసిన మా బావగారు పాలకొల్లు దగ్గర తమ పాత ఇంట్లో వడ్రంగం మొదలుపెట్టారు. 17వ శతాబ్దంలో ఐరోపావాళ్లు వచ్చి ఓడలు కట్టించుకున్న నరసాపురం పక్కనే ఉంది కాబట్టి కర్రపని ఈ నీళ్లలోనే ఉందని ఆయన వాదన. ఓడల సంగతి ఏమో గానీ, అక్క అడిగింది పూజగదికి ఒక పీట.

ఆ పీట కోసం యంత్రం కొనాలని నిశ్చయమైంది. రంపం ఒకటి, చిత్రిక పట్టేది ఒకటి, మందం సమం చేసే థిక్‌నెసర్ ఒకటి, బెజ్జాలు తొలిచేది ఒకటి. విడివిడిగా కొంటే అన్నీ పట్టడానికి పెళ్లిపందిరి వేయాలి. బావగారికి ఉన్నది ధాన్యం పోసుకునే పాత గది, అదీ పది అడుగుల వెడల్పు. అందుకని అన్ని పనులూ ఒకే ఒంట్లో ఉన్న కాంబినేషన్ మిషన్ వైపు మొగ్గారు. ఆస్ట్రియా ఫెల్డర్, బెల్జియం రోబ్లాండ్ గురించి చదివి, వాటిలో మూడేసి మోటార్లు ఉంటాయని మురిసిపోయారు. ధర తెలిశాక ఆ కాగితాన్ని పంచాంగంలో దాచి, స్వదేశీ మీద అభిమానం పెంచుకున్నారు.

స్వదేశీ యంత్రానికి మోటారు ఒక్కటే. ఏ పని కావాలంటే ఆ పనికి బెల్టు మార్చుకోవాలి.

"రంపం నుంచి చిత్రికకు మారారంటే బెల్టు విప్పాలి, బల్ల ఎత్తాలి, పెట్టుకున్న కొలతలు పోతాయి. ఓపిక ఉందా మాస్టారూ?" అని అడిగాడు వడ్రంగి మేస్త్రి.

"ముప్పై ఏళ్లు ఎనిమిదో తరగతికి భిన్నాలు చెప్పాను" అన్నారు బావగారు. మేస్త్రి మరి మాట్లాడలేదు.

కరెంటు దగ్గర కాస్త చర్చ జరిగింది. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజు. బావగారి తమ్ముడి రొయ్యల చెరువు దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కోసం త్రీ ఫేజు ఉంది కాబట్టి యంత్రాన్ని అక్కడే పెట్టుకోమన్నాడు ఆయన. కానీ ఆ ఉప్పు గాలికి పోత ఇనుము బల్ల నెల తిరక్కుండా ఎర్రబడుతుంది. పైగా రొయ్యలకు పీటలతో పని లేదు. చివరికి 3 హెచ్.పి. సింగిల్ ఫేజు మోటారుకే ఒప్పుకున్నారు.

బావగారు టేపు పట్టుకుని యంత్రాన్ని నాలుగు వైపులా కొలిచారు. గదిలో అమిరింది. కత్తికి ముందు పలకంత చోటు, వెనక పలకంత చోటు ఉండాలన్నది మాత్రం ఆ లెక్కలో లేదు. అటక మీద దొరికిన టేకు పలక ఎనిమిది అడుగులు. దానికి పదహారు అడుగులు కావాలి.

పీటకు రెండడుగులు చాలు, కోసుకుని పట్టవచ్చు కదా అంటారేమో. బెల్టు థిక్‌నెసర్‌కు ఉంది, రంపానికి లేదు. మళ్లీ విప్పడం ఎందుకని, చిత్రిక కూడా పట్టకుండా పలకను నేరుగా థిక్‌నెసర్‌కు అందించారు. గుమ్మం, యంత్రం, ఊచల్లేని కిటికీ ఒకే వరుసలో ఉన్నాయని సంతోషించారు కూడా. గది శుభ్రంగా ఉండాలని పొట్టు పోయే గొట్టాన్ని అదే కిటికీకి తిప్పారు.

అది మే నెల. కిటికీ అవతల పక్కింటి పిన్నిగారి అరుగు మీద, పంచె పరిచి, కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ ముక్కలు ఆరబెట్టి ఉన్నాయి. పక్కనే పళ్లెంలో ఆవపిండి.

థిక్‌నెసర్‌లో రోలర్లు పలకను వాటంతట అవే లాక్కుంటాయి, మనిషి పట్టు లెక్కచేయవు. ఎనిమిది అడుగులు మింగడానికి వాటికి అర నిమిషం చాలు. ఆపే మీట యంత్రానికి అవతలి పక్కన. బావగారు పలక కింద నుంచి పాక్కుంటూ వెళ్లేలోపు కొస కిటికీ దాటింది, దాని వెంట పొట్టు వాన కురిసింది.

"మాస్టారూ! ఈ కొస నేను పట్టుకుంటాను, ఆ కొసన మీరు ఆపండి!" అని పిన్నిగారి కేక.

"ఆగదండీ, అదే లాక్కుంటోంది!" అని యంత్రం కింద నుంచి జవాబు.

టేకు పొట్టు, ఆవపిండి ఇంచుమించు ఒకే రంగులో ఉంటాయని ఆ రోజే తెలిసింది. పిన్నిగారు నాలుక మీద వేసుకుని తేడా చెప్పారు. అక్క మామిడికాయలు, ఆవాలు కొత్తగా కొనిచ్చింది. పలక నున్నగా వచ్చింది గానీ దాని వంపు దానికే ఉంది. రోలర్లు నొక్కినంతసేపూ తిన్నగా పడుకుని, బయటికి రాగానే మళ్లీ లేచింది. వంపు తీసేది చిత్రిక, థిక్‌నెసర్ కాదు. వంకర పలక కాస్తా పలచటి వంకర పలక అయింది.

పీట మేస్త్రి చేసిచ్చాడు, చేతి చిత్రికతో.

బావగారు ఇప్పుడు తాపీ మేస్త్రిని పిలిపించి గోడ ఆరడుగులు అవతలికి జరపవచ్చునా అని అడుగుతున్నారు. ఆ ఆరడుగులూ పిన్నిగారి అరుగే. ఈ ఏడు మాగాయ కూడా పెడుతున్నానని, ముక్కలు అక్కడే ఎండబెడతానని ఆవిడ కబురు పంపారు.