ఉత్తన్నం ముద్ద గారికి విన్నపం

మహారాజశ్రీ ఉత్తన్నం ముద్ద గారికి,

నెల్లూరు జిల్లా నుంచి రాసుకునేది. చేపల పులుసు వండిన ప్రతి ఇంట్లోనూ తమరు పళ్లెం అంచున, పులుసు అంటకుండా తయారుగా ఉంటారు. బొచ్చె చేపలో పంగగా చీలిన ఆ సన్న ముల్లు ఎవరి గొంతులోనైనా గుచ్చుకుందా, జేజి కేకేస్తుంది: "నమలబాక నాయనా, ఉండగా మింగెయ్!" తమరు డ్యూటీ ఎక్కుతారు. టాన్సిల్‌లో పైపైన గుచ్చుకున్న ముల్లయితే డాక్టరు నోరు తెరిపించి, లైటు వేసి, పట్టకారుతో లాగేసేవాడు. తమరు వెళ్లి దాన్ని ఇంకాస్త లోపలికి దిగ్గొట్టి వస్తారు.

అయినా తమరికి ఇంత పేరెలా వచ్చిందంటారా? పొరపాటున మింగిన వస్తువుల్లో నూటికి ఎనభైకి పైగా వాటంతటవే బయటికి వచ్చేస్తాయి. రూపాయి బిళ్ళ కడుపులోకి దిగిందని ఎక్స్‌రేలో తేలాక, చాలాసార్లు కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. మిగతాది పేగులే చూసుకుంటాయి. కానీ పుల్ల పట్టుకుని పెరట్లో వెతికిన తాతకి బిళ్ళ దొరికిందంటే, "చూశారా, ముద్ద దెబ్బకి దిగింది!" అంటాడు. పేగులకి దండం పెట్టినవాడు ఒక్కడూ లేడు.

ఆ పేరు నమ్ముకునే ఇప్పుడు తమర్ని బటన్ బ్యాటరీ మీదికి కూడా పంపుతున్నారు. రొట్టెల పండుగలో కొన్న లైట్ల బొమ్మలోంచో, టీవీ రిమోట్‌లోంచో ఊడిన 20 మిల్లీమీటర్ల బిళ్ళ. అన్నవాహికలో ఇరుక్కుంటే అది చిట్లనక్కర్లేదు. తడి తగిలి కరెంటు పారి, అక్కడే క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కండ కాలిపోవచ్చు. పనికిరాదని తీసి పారేసిన బ్యాటరీలోనూ అందుకు సరిపడా ఛార్జి మిగిలి ఉంటుంది. ఉదయగిరి నుంచి నెల్లూరు చేరడానికే దాదాపు అంత సేపు పడుతుంది. తమరేమో మొదటి గంట వంటింట్లోనే తినేస్తారు. పైగా కడుపులో తమరు తిష్ఠ వేస్తే మత్తు డాక్టరుకి టెన్షన్, ఎండోస్కోపీ డాక్టరుకి దారి కనపడదు. ఎక్స్‌రేలో రూపాయి ఒకటే వలయం, బ్యాటరీ ఒకదాంట్లో ఒకటిగా రెండు. తమరి చూపుకి అన్నీ గుండ్రమే.

తమరి పక్క అలమరలోనే తేనె సీసా ఉంది, ఎప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. బ్యాటరీ మింగి 12 గంటలు దాటని, ఏడాది నిండిన పిల్లలు మింగగలుగుతుంటే పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె, ఆరుసార్లకు మించకుండా ఇవ్వొచ్చని వైద్యులు చెబుతున్నారు. అదీ బండెక్కాక, దారిలో. దానికోసం బయల్దేరడం ఆపకూడదు. తమరు తలుపు దగ్గర అడ్డం నిలబడకుండా ఉంటే చాలు.

ఇక అయస్కాంతపు గోళీలు. రెండు మింగితే పేగు మడతలకి అటూ ఇటూ అతుక్కుని మధ్యలో చిల్లు పెడతాయి. వాటి మీద తమరి ప్రతాపం ఏమిటో సెలవివ్వండి.

ఇట్లు,
తమర్ని పులుసులోనే కలుపుకునే భక్తుడు

నకళ్లు: తమరి జోడీ అరటిపండు గారికి, గొంతులో వేలు పెట్టి కక్కించే బాబాయి గారికి. కక్కిన బిళ్ళ దారి తప్పి ఊపిరి గొట్టంలోకి దూరితే ఎవరిని పిలుస్తారో బాబాయి గారే రాసి పంపాలి.