సవరణ: ‘జోంగ్’ గుర్రానికి మాత్రమే కాదు

చైనీస్ అక్షరాల మీద రాసిన కిందటి పోస్టులో ‘జోంగ్’ అంటే గుర్రం జూలు అని ఉంది. దాన్ని ‘జంతువుల జూలు, గట్టి వెంట్రుక’ అని చదువుకోవాలి. గుర్రందే అని చెప్పాలంటే ముందు ‘మా’ చేర్చి ‘మాజోంగ్’ అంటారు (పలకలతో ఆడే ‘మాజాంగ్’ ఆటకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు).

పంది వీపు మీద నిక్కబొడుచుకునే వెంట్రుకలు ‘జూజోంగ్’. వీటిని తేలిగ్గా తీసెయ్యకండి. రెండో ప్రపంచ యుద్ధంలో పెయింట్ బ్రష్షుల కోసం అమెరికా వీటిని చైనా నుంచి తెప్పించుకుంది. అప్పట్లో చైనాలోని చోంగ్‌చింగ్ నగరం ఈ వ్యాపారానికి పెట్టింది పేరు.

జూలు అనే అర్థమున్న ‘జోంగ్’ అక్షరానికి 18 గీతలు. పైన పొడవాటి జుట్టు గుర్తు, కింద ‘పూర్వీకులు’ అనే అర్థమున్న ఇంకో జోంగ్. కిందిది ఉచ్చారణ కోసమే, దాంతో పూర్వీకుల జుట్టు అంటూ కథలు అల్లక్కర్లేదు. అదే భాగం పక్కన చెట్టు గుర్తు పెడితే తాటి జాతి చెట్టు, గోధుమ రంగు అనే అర్థాలొస్తాయి. పలకడం మాత్రం జోంగే.

జూలుకి ‘ల్యె’ అని 25 గీతల అక్షరం ఇంకొకటుంది. ఈ రోజుల్లో అది ఎక్కువగా కనిపించేది హైనా, ఇగువానా (ఒక రకం బల్లి) పేర్లలోనే. హైనాని ‘ల్యెగౌ’ అంటారు, అంటే జూలు కుక్క.