ఓనమాలలోని నమస్సు

ప్రవాసంలో మనం నడిపే ఆదివారం తెలుగు బడుల్లో 'నమస్తే అంటే ఏమిటి?' అని అడిగితే చాలామంది పిల్లలు ఒకే జవాబు అప్పజెబుతారు: నీలోని దైవానికి నాలోని దైవం మొక్కుతోంది. వినడానికి బాగుంది. కానీ ఆ మాటలో దైవం అన్న పదమే లేదు. నమః, తే: నీకు నమస్కారం, అంతే. యోగా తరగతుల్లో ప్రచారమైన వ్యాఖ్యానాన్ని మన బడుల్లో అర్థంగా నేర్పడం నాకు ససేమిరా నచ్చదు. అసలు అర్థం అంతకంటే గొప్పది.

సంస్కృత ధాతువుల, అంటే పదాల మూలరూపాల, జాబితా అయిన ధాతుపాఠం 'నమ్' ధాతువుకు ప్రహ్వత్వం అని అర్థం చెబుతుంది. అంటే వంగడం, తల దించడం. నమ్రత, ప్రణామం, అవనతం, అన్నీ ఆ ధాతువులోంచి వచ్చినవే. (నమ్మకం మాత్రం కాదు. అది అచ్చంగా మన ద్రావిడ పదం.) ఋగ్వేదం మొదటి సూక్తంలోనే 'నమో భరంత ఏమసి' అని ఉంది. అగ్నీ, నమస్సును మోసుకుని రోజూ నీ దగ్గరకు వస్తున్నాం అని ఋషి అంటున్నాడు. అక్కడ నమస్సు చేతిలో పట్టుకెళ్లే కానుక.

'న మమ', అంటే నాది కాదు, అన్నదే నమః అయిందని ప్రవచనాల్లో తరచుగా వింటాం. భక్తితో చెప్పే మాటే గానీ వ్యాకరణం ఒప్పుకోదు. ఆ 'న మమ'కు వేరే చోటు ఉంది. హోమంలో స్వాహా అంటూ నేయి వేశాక, హోమం చేయించే యజమాని 'అగ్నయ ఇదం న మమ' అంటాడు. ఇది అగ్నిది, ఇక నాది కాదు. అక్కడ ఆ మాటకు ఎంత బరువుందో చూడండి: చేతిలోంచి నేయి జారిపోయింది, దానిపై హక్కూ జారిపోయింది. దాన్ని తెచ్చి నమఃలో ఇరికిస్తే రెండు మాటలూ పలచబడతాయి.

కృష్ణ యజుర్వేదపు తైత్తిరీయ సంహితలో రుద్రుణ్ణి స్తుతించే శ్రీరుద్రం మొదటి భాగానికి నమః అన్న మాట మీదనే నమకం అని పేరు వచ్చింది. వడ్రంగులకు నమః, కుమ్మరులకు నమః, కమ్మరులకు నమః, వేటగాళ్లకు నమః, కుక్కలకు నమః, చివరికి దొంగల నాయకుడికీ నమః. అంతా రుద్రుడే అన్న భావం అందులో ఉందన్నది నిజమే. అయితే ఆ భావాన్ని మోసేది ఆ వరుస. నమః చేసే పని ఒక్కటే, ఎవరి ముందైనా వంగడం. ఆ వరుసను అర్థంతో సహా ఒక్కసారి చదివిన పిల్లవాడు కులం పేరుతో ఒకరిని చిన్నచూపు చూడడానికి వెనకాడతాడని నా ఆశ.

ఈ మాటకు సరిహద్దులు కూడా లేవు. ప్రాచీన పారసీకుల మతగ్రంథమైన అవెస్తాలో దీని తోబుట్టువు ఉంది. పారశీక భాషలో అదే నమాజ్ అయింది. అరబ్బీలో ప్రార్థనను సలాత్ అంటారు. మన ఊళ్లలో ముస్లింలు చదివే నమాజు పారశీకం మీదుగా వచ్చిన పేరు. నమస్కారం, నమాజు ఒకే వేరు నుంచి వచ్చిన కొమ్మలని పిల్లలకు చెప్పడానికి మనకు సంకోచం ఎందుకు?

ఇక ఓనమాలు. వీధిబడిలో పంతులుగారు మొదటిరోజు పిల్లవాడి వేలు పట్టుకుని ఇసుకలో 'ఓం నమః శివాయ సిద్ధం నమః' అని దిద్దించేవారు. ఆ 'ఓ న మ'లే ఓనమాలయ్యాయి. చదువుకు మనం పెట్టుకున్న పేరులోనే తల వంచడం ఉంది.

వసంత పంచమికి ఇక్కడి గుళ్లలోనూ పళ్లెంలో బియ్యం పోసి చిన్నపిల్లల చేత దిద్దిస్తున్నాం. గింజల మధ్య ఆ చిట్టి వేలు కదులుతుండగా తల్లిదండ్రులు ఫోటోలు తీస్తారు, పక్కన అన్నో అక్కో నిలబడి చూస్తుంటారు. ఆ పెద్దపిల్లలకు ఈ మాట చెప్పాల్సిన సమయం అదే. అర్చకులను అడిగితే కాదనరు, అయిదు నిమిషాలు చాలు. వచ్చే పంచమికి మన సంఘం వేసే కరపత్రంలో ఆ దైవం వాక్యం తీసేసి, 'నమః అంటే వంగడం' అని తెలుగులో అచ్చు వేయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.