హౌజట్ అంటే రెఫరీ పలకదు

మా వాడికి 9 ఏళ్లు. ఇక్కడ అమెరికాలో సాకర్ (ఫుట్‌బాల్) ఆడతాడు. పోయిన సీజన్‌లో ఒక శనివారం పొద్దున మ్యాచ్‌లో బంతి గాల్లో సరిగ్గా వాడి మీదికే వస్తుంటే, మడత కుర్చీలోంచి లేచి మరీ "తలతో కొట్టరా!" అని అరిచాను. పాపం, కొట్టాడు. రెఫరీ విజిల్ ఊది అవతలి జట్టుకి ఫ్రీ కిక్ ఇచ్చింది. నేను ఊరుకుంటానా, "హెడర్ కూడా తప్పేనా?" అని గట్టిగానే అడిగాను. తప్పేనట. తలకి దెబ్బలు తగులుతాయని అమెరికా సాకర్ ఫెడరేషన్ 2015లోనే చిన్నపిల్లలకి హెడర్లు వద్దంది. అండర్ 11, అంతకన్నా చిన్న విభాగాల్లో కావాలని తలతో కొడితే అవతలివాళ్లకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్, అంటే నేరుగా గోల్ కొట్టలేని ఫ్రీ కిక్. ఆ విజిల్ ఊదిన అమ్మాయికి మహా అయితే 14 ఏళ్లుంటాయి. ఇంటికెళ్తుంటే కారులో మా వాడు "నాన్నా, ఇంక నువ్వు అరవకు" అన్నాడు.

అప్పటినుంచి నాకు ఒకటే అనిపిస్తోంది, మనం సాకర్‌ని క్రికెట్ కళ్లతో చూస్తున్నాం. గీత సంగతే తీసుకోండి. మనకి బంతి తాడుకి తగిలితే ఫోర్. సాకర్‌లో గీత కూడా మైదానమే, బంతి మొత్తం గీత మొత్తాన్నీ దాటితేనే బయటికి పోయినట్టు, గోల్‌కైనా అంతే. బంతి నేలకి ఆనిన చోటు కాదు, పైనుంచి చూస్తే దాని అంచు గీత మీద ఉందా లేదా అన్నదే లెక్క. 2022 ప్రపంచ కప్‌లో స్పెయిన్ మీద జపాన్ రెండో గోల్ ఇలాగే నిలిచింది. మితోమా వెనక్కి తన్నిన బంతి టీవీలో బయటికి పోయినట్టే కనబడింది, వీడియో చూసి తేల్చే వీఏఆర్ మాత్రం లోపలే ఉందని చెప్పింది. జపాన్ 2-1తో గెలిచింది, దాంతో జర్మనీ ఇంటికెళ్లింది.

ప్యాడ్‌కి తగిలిన ప్రతి బంతీ ఔట్ కాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, లెగ్ స్టంప్ బయట పడిందా, ఎక్కడ తగిలింది అని టీ చల్లారిపోయేదాకా వాదిస్తాం. మరి చేతికి తగిలిన ప్రతి బంతీ హ్యాండ్‌బాల్ ఎలా అవుతుంది? కావాలని తాకాడా, చెయ్యి అసహజంగా చాచి అడ్డం పెట్టాడా అని చూస్తారు. అయితే ఒకటి, చేతికి తగిలి బంతి నేరుగా గోల్లోకి పోయినా, తగిలిన వెంటనే అదే ఆటగాడు గోల్ కొట్టినా, పొరపాటున తగిలిందన్నా సరే చెల్లదు.

ఆఫ్‌సైడ్ దగ్గరే మన గొడవ ఎక్కువ. అంటే అవతలి సగంలో బంతికన్నా, అవతలి జట్టులో చివరినుంచి రెండో ఆటగాడికన్నా ముందుకి, గోల్ దగ్గరికి వెళ్లి ఉండటం. ఆటగాడు బంతి అందుకున్నప్పుడు ఎక్కడున్నాడో కాదు, తన జట్టువాడు బంతి తన్నిన క్షణంలో ఎక్కడున్నాడో చూడాలి. నో బాల్‌కి బౌలర్ పాదం ఆనిన క్షణమే చూస్తాం కదా, అలాగ. పాస్ తన్నాక ఉరికి డిఫెండర్లని దాటేసిన పిల్లది ఆఫ్‌సైడ్ కాదు, దానికి కాళ్లలో వేగం ఉంది, అంతే. త్రో ఇన్, కార్నర్, గోల్ కిక్‌ల నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడే లేదు. ఆఫ్‌సైడ్ చోట ఊరికే నిలబడినా తప్పు కాదు, ఆటలో తలదూరిస్తేనే తప్పు.

"బంతికే తగిలిందిగా" అనే వాదన కూడా చెల్లదు, బంతిని ముందు తాకినా దూకుడుగా మీద పడితే ఫౌలే.

ఇక అసలు చిక్కు అప్పీలు. క్రికెట్‌లో ఫీల్డర్లు అడక్కపోతే అంపైర్ ఔట్ ఇవ్వకూడదు, అది రూలే, కాబట్టి గొంతు చించుకోవడం మనకి ఆటలో భాగం అయిపోయింది. సాకర్‌లో ఎవరూ అడగక్కర్లేదు. రెఫరీ చేతులు ముందుకి చాచి ఆట సాగనిచ్చిందంటే ఫౌల్ కనబడలేదని కాదు, చూసి, ఆపితే మీ పిల్లలకే నష్టమని వదిలేసింది. అప్పుడే మనం "కళ్లు కనబడవా" అంటాం!

ఫుట్‌బాల్ మనకి కొత్తేం కాదు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కి స్వర్ణం తెచ్చిన కోచ్ రహీం సాబ్ మన హైదరాబాదాయనే. మధ్యలో మర్చిపోయాం.

మన తెలుగు సంఘం క్రికెట్ టోర్నమెంట్‌కి ముందు రూల్స్ మీటింగ్ పెడుతుంది, టీ, టిఫిన్లతో సహా. సాకర్ సీజన్ ముందు తల్లిదండ్రులకీ ఒక గంట పెట్టండి. రెఫరీ సర్టిఫికెట్ ఉన్న పిల్లలు మనవాళ్లలోనే ఉన్నారు, వాళ్లచేతే చెప్పించండి. సమోసాలు నేను తెస్తాను.