కుర్చీకి అసలు శత్రువు కూర్చునేవాడే

డెన్మార్క్ పాత కుర్చీల మరమ్మతు గురించి పెద్దలు చాలా మాట్లాడారు గానీ, అసలు ప్రశ్న జోలికి మాత్రం ఎవరూ పోలేదు. బాగుచేసిన కుర్చీలో మనిషిని కూర్చోనివ్వొచ్చా? కూడదని నా నిశ్చితాభిప్రాయం.

జరిగిన అనర్థం చూడండి. 1947లో డెన్మార్క్ డిజైనర్ బోర్గె మోగెన్సెన్ జె39 అనే కుర్చీ గీశాడు. గీసింది ఎఫ్‌డీబీ అనే వినియోగదారుల సహకార సంస్థ కోసం, మామూలు సంసారాలు కొనుక్కోగల ధరకి. దానికి 'జనం కుర్చీ' అని పేరు కూడా వచ్చింది. ఇంకేం, జనం కూర్చున్నారు! పిల్లలు ఎక్కి తొక్కారు. ఇన్ని దశాబ్దాల అఘాయిత్యం తర్వాత, పోనీలెండి, ఇప్పుడు అది అందుకోలేని ధర పలికి జనం బారి నుంచి బయటపడుతోంది.

మరమ్మతు చేసేవాడి కష్టం తెలిస్తే మీరూ ఒప్పుకుంటారు. అక్కడి మరో డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీ సీటుకే 120 మీటర్ల కాగితపు తాడు పడుతుంది. పాతది కోసి పారేసి, నాలుగు మూలల నుంచి మధ్యకి అల్లుకుంటూ రావాలి. ప్రతి చుట్టూ బిగలాగాలి, చెక్కముక్కతో తట్టి పక్క వరసకి ఆనించాలి. వేళ్లు బొబ్బలెక్కుతాయి. ఒక్క వరస వదులైందా, విప్పి మళ్లీ మొదటికి. ఇంతా చేశాక మేనత్తగారు వచ్చి, "అబ్బా, కాళ్లు లాగేస్తున్నాయిరా" అంటూ దాని మీద చతికిలబడితే ఎవరికి చెప్పుకోవాలి?

ఓక్ కుర్చీకి వేణ్నీళ్లలో కలిపిన సబ్బు తురుము రుద్దాలా, నూనె పట్టించాలా అన్నది వేరే తగాదా. సబ్బు రాస్తే కర్ర తెల్లగా ఉంటుంది, నూనె రాస్తే పసుపెక్కుతుంది. సబ్బు వాళ్ల పిల్లని నూనె వాళ్లింటికి ఇవ్వరు.

మరకల సంగతి మాత్రం తేలిగ్గా తేల్చొచ్చు. 1955లో ఎవరో పెట్టిన కాఫీ కప్పు గుర్తు చరిత్ర, గరుకు కాగితం తాకించకూడదు. నిన్న మీ బావగారు పెట్టింది మరక.

ఒక్క మినహాయింపు ఇవ్వొచ్చు. 1960 అమెరికా ఎన్నికల టీవీ చర్చకి కెన్నెడీ, నిక్సన్‌లకు వేసినవి వెగ్నర్ కుర్చీలే. కాబట్టి అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నవాళ్లు, నామినేషన్ పత్రం చూపించి, కాసేపు కూర్చోవచ్చు. మిగతా అతిథులు భోజనాల బల్ల చుట్టూ కుర్చీలను చూస్తూ నిలబడి తినాలి. బఫే అని ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు.