పాతబస్సు తిప్పాలంటే ముందు ఒక్క బస్సైనా మిగలాలి

నెల్లూరులో పాతకాలపు ఎర్రబస్సును, జనం సరదాగా ఎక్కి తిరిగేలా, మళ్లీ తిప్పాలనుకుంటే రూటు కోసం వెతుక్కోనక్కర్లేదు. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి దగ్గర ఎక్కి, ట్రంకు రోడ్డు, గాంధీబొమ్మ, వీఆర్సీ సెంటర్ల మీదుగా దర్గామిట్టలో బారాషహీద్ దర్గా దగ్గర దిగడమే. ట్రాఫిక్ అంటారా, సాయంత్రం పూట ట్రంకు రోడ్డులో కొత్త బస్సు కదిలినా గొప్పే.

అసలు చిక్కు బస్సుతోనే. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. ఆర్టీసీ బస్సులూ ఇందులోకే వస్తాయి. ఇంజిన్ బాగున్నా తుక్కుకు పోవాల్సిందే. రోజూ జనాన్ని మోసే బస్సుల వరకు ఆ రూలును తప్పుపట్టలేం. మరి యాభై ఏళ్లు దాటిన వాహనాల కోసం 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు పనికిరావా? అవి బైకులకు, కార్లకు పెట్టినవి. అసలు రూపం చెడకుండా ఉంటే 'వీఏ' సిరీస్ నంబరు ఇస్తారు, ఫీజు 20 వేలు. ఆ నంబరుతో ర్యాలీకో ఎగ్జిబిషన్‌కో వెళ్లొచ్చు, టికెట్టు కొట్టి జనాన్ని ఎక్కించుకోవడం మాత్రం కుదరదు. మన చట్టంలో కారుకు వృద్ధాప్యం ఉంది, బస్సుకు లేదు.

హైదరాబాద్‌లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి అక్కడి ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్‌భవన్‌లో ఉంది, చూడ్డానికే. లండన్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 2005లో రూట్‌మాస్టర్ డబుల్ డెక్కర్లను మామూలు సర్వీసుల నుంచి తీసేసినా, 9, 15 నంబర్ రూట్లలో కొంత దూరం వాటిని మామూలు చార్జీకే నడిపారు. వీల్‌చైర్ వాళ్లకు ఇబ్బంది రాకుండా అదే దారిలో కొత్త బస్సులూ తిరిగేవి. 9లో హెరిటేజ్ సర్వీసు 2014లో ఆగింది, 15లోనూ ఆ తర్వాత నిలిచిపోయింది. అంత పర్యాటకం ఉన్న ఊళ్లోనే అలా అయితే, నెల్లూరులో రోజూ నడపాలనడం అత్యాశే. దర్గాలో రొట్టెల పండుగకు, గుడిలో బ్రహ్మోత్సవాలకు, ఆదివారాలకు చాలు.

కొత్త చాసిస్ మీద పాత బాడీ కట్టిస్తే సరిపోతుందిగా అనేవాళ్లున్నారు. అది పెళ్లి మండపం ముందు వేసే సెట్టింగు లాంటిది. పవర్ స్టీరింగ్ లేని బండిని సందు మలుపులో తిప్పడం, గేరు మారినప్పుడల్లా వచ్చే ఆ మూలుగు, బానెట్ పక్క సీటు వేడి, ఇవి రంగు వేస్తే రావు.

అందుకే ముందు అడగాల్సింది రూటు కాదు, మినహాయింపు. తక్కువ వేగం, చిన్న దూరం, ఏటా ఫిట్‌నెస్ పరీక్ష అనే షరతులతో జిల్లాకో పాత బస్సును తుక్కు వేలం నుంచి తప్పించే వీలు రవాణా నిబంధనల్లో ఉండాలి. ఖర్చు మాత్రం ఆర్టీసీ నెత్తిన వేయకూడదు. ఊళ్లో జనం ఆటోల్లో ఇరుక్కుని తిరుగుతుంటే, సిటీ బస్సుకు పోవాల్సిన డబ్బు సరదా బస్సుకు పోవడం అన్యాయం. పర్యాటక శాఖ, నగరపాలక సంస్థ కలిసి భరిస్తామంటేనే ఈ మాట ఎత్తాలి.